ఇంటికొచ్చి బోరు నీళ్లు టెస్ట్ చేస్తామనేవాళ్లతో జాగ్రత్త – బుక్కరాయసముద్రం, అనంతపురం వాళ్లు తప్పకుండా చదవండి

కోపంలో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. చెరువు దగ్గర కొత్త లేఅవుట్లలో ఉండేవాళ్లకు ఆ మనిషి తెలిసే ఉంటాడు. మెడలో ఐడీ కార్డు, చేతిలో పెన్ను మాదిరి మీటరు, "ల్యాబ్ రిపోర్టు ఇస్తాం సార్" అని గేటు గేటుకూ తిరుగుతాడే, వాడే.

మా ఇంటికి ఆగస్టు చివర్లో వచ్చినాడు. బోరుకూ పక్కింటి సెప్టిక్ ట్యాంకుకూ మధ్య ఇరవై అడుగులు కూడా లేవు, వానలు పడినప్పటి నుంచి నాకు అదే దిగులు. అందుకే అడిగిన వెంటనే రెండు వేలు ఇచ్చేసినా. మీటరు ముంచి "480 సార్, 500 లోపలే, క్యాన్ నీళ్ల కంటే మేలు" అన్నాడు. ఖాళీ కూల్‌డ్రింక్ బాటిల్ మమ్మల్నే అడిగి, కుళాయి కింద పెట్టి నింపుకొని పోయినాడు. సాయంత్రం ఆరుకల్లా వాట్సాప్‌లో రిపోర్టు. సీలు, సంతకం అన్నీ ఉన్నాయి. ఫ్లోరైడ్ 0.6, నైట్రేట్ 12, బ్యాక్టీరియా లేదు. మరుసటి రోజే క్యాన్ మాన్పించేసినా.

అక్టోబరు మొదట్లో పాపకు కామెర్లు.

ఏం నీళ్లు తాగుతారని డాక్టరమ్మ అడిగితే ధైర్యంగా ఫోన్ తీసి ఆ రిపోర్టే చూపించినా. ఆమె రెండు వేళ్లతో పెద్దది చేసి చూసి, "పొద్దున పట్టుకుపోయి సాయంత్రానికి బ్యాక్టీరియా లేదని ఎట్లా చెప్పినాడు? కల్చర్‌కు కనీసం ఒక రోజన్నా ఇంక్యుబేటర్‌లో పెట్టాల కదా" అనింది. అప్పుడు నేనూ సరిగ్గా చూసినా. శాంపిల్ అందిన తేదీ వాడు మా గేటు తట్టడానికి రెండు రోజుల ముందుది. బోరు లోతు 300 అడుగులంట, మాది 450. నా పేరున్న చోట మాత్రం అక్షరాలు లావుగా, వేరే ఫాంటులో ఉన్నాయి. ఎవరిదో కాగితం మీద నా పేరు అతికించినాడు. నెలకు పైగా అది నా ఫోన్లోనే ఉంది, ఒక్కసారి తేదీ చూడలేదు నేను.

ఆస్పత్రి మెట్ల మీద నుంచే ఫోన్ చేసినా. ఎత్తి, అంతా విని, ఏమన్నాడో తెలుసా? "ఇచ్చింది రెండు వేలు సార్. దానికి మీ పాపకు కూడా గ్యారంటీ ఇయ్యల్నా?" వెనక ఎవరో నవ్వినారు. పెట్టేసినాడు. మళ్లీ చేస్తే స్విచాఫ్. ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది.

తర్వాత గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ల్యాబ్‌లో చేయించినాం. ఈ.కోలై, అంటే మలంలో ఉండే బ్యాక్టీరియా, ఉంది. అది 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా ఉండకూడదు. నైట్రేట్ 68, హద్దు 45. ఫ్లోరైడ్ లీటరుకు 1.9 మిల్లీగ్రాములు, వేరే నీళ్లు దొరకని చోట కూడా 1.5 దాటకూడదు. మన జిల్లాకు సత్యసాయి నీళ్లు వచ్చిందే ఈ ఫ్లోరైడ్ బాధకు కదా, అది తెలిసి కూడా 0.6 అంటే నమ్మినా. వాడి మీటరు చూపించేది నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎంతని మాత్రమే. ఫ్లోరైడ్ విడిగా ఎంతో, పురుగులు ఉన్నాయో లేవో దానికి తెలియదు.

బోరు వల్లే వచ్చిందని ఖాయంగా చెప్పలేం, బయట తిన్నదాని వల్ల కూడా రావచ్చు అనింది డాక్టరమ్మ. కానీ ఆ నీళ్లు గ్లాసులో పోసి పాప చేతికిచ్చింది నేను.

ల్యాబ్‌కు మీరే తీసుకెళ్లండి. బ్యాక్టీరియా పరీక్షకు వాళ్లిచ్చే స్టెరైల్ బాటిల్లోనే పట్టి, ఐసులో పెట్టి అదే రోజు ఇవ్వాల. కాచి తాగితే పురుగులు చస్తాయి, ఫ్లోరైడ్, నైట్రేట్ పోవు. నెలల పిల్లలుంటే నైట్రేట్ నీళ్లతో పాలపొడి అసలు కలపొద్దండి.

వాడిచ్చిన రిపోర్టు మీ దగ్గరుంటే నాకు పంపండి, కంప్లైంట్‌తో పాటు పెడతా. మా వీధిలో ఇప్పటికి నాలుగిళ్లవి చూసినా. నాలుగింట్లోనూ ఫ్లోరైడ్ 0.6, నైట్రేట్ 12.