ముల్లీన్ మొక్కల కోసం ఈ చిన్న లెన్స్ కొనుక్కోండి

10 రెట్లు పెద్దగా చూపించే మడత లెన్స్ ఇది, ఏడాదిగా జేబులోనే ఉంటోంది. అమెరికా, ఆస్ట్రేలియాలకి బయట నుంచి వచ్చి పాతుకుపోయిన, ఎక్కువగా పసుపు పూలు పూసే వర్బాస్కమ్ జాతి మొక్కలు, అంటే ముల్లీన్‌లు చూసేవాళ్ళకి చాలా పనికొస్తుంది, ఎందుకంటే ఫోన్ యాప్ పసుపు పువ్వు కనపడితే చాలు వర్బాస్కమ్ థాప్సస్ అని ఒకే రకం పేరు చెప్పేస్తోంది.

లెన్స్ కంటికి ఆనించి పువ్వునే దగ్గరికి తెచ్చుకోండి, అప్పుడే క్లియర్‌గా కనిపిస్తుంది. థాప్సస్‌కి 5 కేసరాల్లో పై మూడింటికి తెల్లటి నూగు, కింది రెండూ దాదాపు నున్నగా ఉంటాయి. బ్లటారియా అనే ఇంకో రకానికి అయితే ఐదింటికీ ఊదా రంగు నూగు, ఎంత బాగుంటుందో! కానీ మరో రకం విర్గేటమ్‌కీ అదే ఊదా నూగు ఉంటుంది కాబట్టి అక్కడ ఆగిపోకండి, పువ్వు కాడ చూడండి, బ్లటారియాది పొడుగ్గా ఒక్కో చోట ఒక్కటే, విర్గేటమ్‌ది పొట్టిగా, కింది వైపు రెండుమూడు కలిసి కూడా వస్తాయి.

ఫ్లోమాయిడిస్ అనే రకం నాకు బాగా కష్టమైంది. థాప్సస్ లాగే ఒళ్ళంతా ఉన్ని, పువ్వు కాస్త పెద్దది, అంతే తేడా అనుకున్నా. లెన్స్‌తో చూస్తే కీలాగ్రం (పువ్వు మధ్యలో పుప్పొడి అంటుకునే కొన) గరిటెలా సాగి ఉంది, థాప్సస్‌ది గుండ్రం. పైగా థాప్సస్ ఆకు అంచు కాండం మీద రెక్కలా కిందికి పాకుతుంది, దానికి లెన్స్ కూడా అక్కర్లేదు.

స్క్రూ ఒకటి తరచూ వదులవుతోంది, లైట్ లేదు. గాజు మాత్రం సూపర్.