మినాక్సిడిలా, ఫినాస్టరైడా: బట్టతలకు ఏది మేలు?

పాతికేళ్లకే నుదురు వెనక్కి జరుగుతున్న కుర్రాళ్లు మెడికల్ షాపులో మొదట అడిగేది మినాక్సిడిల్. పైపూత మందే కదా అని ధైర్యం. ఫినాస్టరైడ్ పేరెత్తితే మాత్రం వెనకాడతారు, అది హార్మోన్ల జోలికి వెళ్లే మాత్ర కాబట్టి. కానీ మగవాళ్లలో వచ్చే మామూలు బట్టతలకు మూలం కూడా ఒక హార్మోనే.

మన ఒంట్లోని మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌ను 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ డీహెచ్‌టీ అనే ఇంకో హార్మోన్‌గా మారుస్తుంది. బట్టతలకు మూలం ఈ డీహెచ్‌టీయే. వెంట్రుక కుదురు అడుగున ఉండే పాపిల్లా కణాలు ఈ డీహెచ్‌టీ తగలగానే, కొత్త వెంట్రుకను పుట్టించే మూలకణాలను అణిచిపెట్టే సంకేతాలు పంపుతాయి. దాంతో విడత విడతకీ వెంట్రుక పెరిగే కాలం తగ్గిపోతుంది. ఏళ్ల తరబడి పెరగాల్సింది నెలల్లోనే రాలిపోతుంది. నడినెత్తిన పాపిట తీసి మంచి వెలుతురులో చూడండి: లావు వెంట్రుకల మధ్య నూగులాంటి సన్నటివి కనిపిస్తే కుదుళ్లు కుంచించుకుపోతున్నట్టే. తల వెనక భాగంలో కుదుళ్లకు డీహెచ్‌టీ అంతగా పట్టదు, అందుకే అక్కడ జుట్టు నిలుస్తుంది.

2011లో అమెరికాలో చర్మ నిపుణుడు జార్జ్ కోట్సరెలిస్ బృందం బట్టతల చర్మాన్ని పరిశీలించింది. మూలకణాలు అలాగే ఉన్నాయి, వాటి నుంచి పుట్టాల్సిన తర్వాతి దశ కణాలే బాగా తగ్గాయి. విత్తనం ఉంది, మొలక రావడం లేదన్నమాట. నాకు ఇది ఎంతో ఆశ కలిగించే విషయం.

ఫినాస్టరైడ్ ఆ ఎంజైమ్‌నే అడ్డుకుంటుంది. డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టుకతోనే ఈ ఎంజైమ్ లోపించిన కుటుంబాల గురించి 1974లో వెలువడిన పరిశోధన దీనికి దారి చూపింది. ఆ మగవాళ్లకు ప్రోస్టేట్ చిన్నగా ఉండేది, బట్టతల వచ్చేది కాదు. ప్రోస్టేట్ వాపు కోసం 1992లో వచ్చిన ఈ మందుకు 1997లో అమెరికాలో 1 మి.గ్రా. మోతాదులో జుట్టు కోసం అనుమతి దొరికింది. రెండేళ్ల ట్రయల్స్‌లో ఇది వేసుకున్నవాళ్లలో 83 శాతం మందికి వెంట్రుకల సంఖ్య తగ్గలేదు. మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో అలా నిలిచింది 28 శాతం మందికే.

మినాక్సిడిల్ దారి వేరు. అది మొదట బీపీ మాత్ర. వాడిన రోగులకు ఒంటిమీద వెంట్రుకలు పెరగడం చూసి పైపూతగా మార్చారు. నిద్రపోతున్న కుదురును లేపి, పెరిగే దశలో ఎక్కువకాలం ఉంచుతుంది గానీ డీహెచ్‌టీని ముట్టుకోదు. మొదటి వారాల్లో కొందరికి జుట్టు ఇంకా ఎక్కువ రాలుతుంది. పాత వెంట్రుకను కొత్తది తోసేయడం వల్ల జరిగేదే అది. చాలామంది టెన్షన్‌తో మానేసేది సరిగ్గా అప్పుడే. ఈ రెండింటిలో ఏది ఆపేసినా వచ్చిన లాభం నెలల్లో పోతుంది.

ఫినాస్టరైడ్ భయాలు ఉత్తవేమీ కావు. కొద్దిమందిలో లైంగిక కోరిక, అంగస్తంభన తగ్గుతాయి. ఎక్కువమందికి మానేస్తే సర్దుకుంటుంది, కొందరికి ఆ తర్వాతా ఉంటుందన్న ఫిర్యాదులున్నాయి. డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనల గురించి కూడా హెచ్చరిక ఉంది. అలాంటి చరిత్ర ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పాలి. ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్‌ఏ రక్తపరీక్షలో అంకె దాదాపు సగం తక్కువ చూపిస్తుంది, అదీ చెప్పాలి.

నా మాట అడిగితే, నడినెత్తి పలచబడుతున్న ఆరోగ్యవంతుడైన మగవాడికి డాక్టర్ సలహాతో ఫినాస్టరైడ్ పునాది, మినాక్సిడిల్ దానికి తోడు. ఒక్కటే ఎంచుకోవాల్సి వస్తే రాలడం ఆపేదానికే నా ఓటు. ఆ మాత్ర పడనివాళ్లకు మినాక్సిడిల్ ఒక్కటైనా మేలే. ఆడవాళ్లకు మొదటి మందు మినాక్సిడిలే, గర్భం, పాలిచ్చే కాలం తప్పించి. గర్భిణులు విరిగిన ఫినాస్టరైడ్ మాత్రను చేత్తో కూడా తాకకూడదు. కడుపులో మగబిడ్డ ఉంటే ప్రమాదం.

ప్రసవం, డెంగీ, టైఫాయిడ్ తర్వాత రెండు మూడు నెలలకు దువ్వెన నిండా ఊడే జుట్టుకు సాధారణంగా ఈ రెండూ అక్కర్లేదు. కుదుళ్లు ఒక్కసారిగా విశ్రాంతిలోకి వెళ్లడం వల్ల రాలుతుంది, తిరిగి వస్తుంది. గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుందని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు గానీ కత్తి చర్మం కిందున్న కుదురు దాకా పోదు. ఆరు నెలలు దాటినా రాలడం ఆగకపోతే థైరాయిడ్, ఐరన్ పరీక్షలు చేయించుకోండి. జుట్టు కోసం బయోటిన్ బిళ్లలు మింగుతుంటే ల్యాబ్‌లో ముందే చెప్పండి. థైరాయిడ్ రిపోర్టును అవి తారుమారు చేస్తాయి.