బ్లాక్‌స్టోన్ ఆడియో పుస్తకాలు: కాసెట్ల రోజుల నుంచి వింటున్నవాడి మాట

2004లో మొదలెట్టా నేను. ఇక్కడ అమెరికాలో ఆఫీసుకి పోను గంట, రాను గంట డ్రైవింగ్, రేడియోలో రోజూ అవే ట్రాఫిక్ కబుర్లు, విసుగొచ్చి ఒకరోజు లైబ్రరీలో ఆడియో అర దగ్గర వెతుకుతుంటే లావుపాటి ప్లాస్టిక్ డబ్బా దొరికింది, లోపల వరసగా పన్నెండు కాసెట్లు. ఒక నవలకి ఇన్నా అనుకున్నా. పక్కన వేరే డబ్బాల్లో అయితే రెండే ఉన్నాయి మరి.

తేడా తర్వాత తెలిసింది. 80ల్లో పెద్ద పబ్లిషర్లు నవలని కోసి కుదించి మూడు గంటల్లో తేల్చేసి రెండు కాసెట్లలో అమ్మేవాళ్లు. ఒక్క వాక్యం కూడా వదలకుండా చదివించింది చిన్న కంపెనీలే. 1956 ఒలింపిక్స్‌లో పడవ పందెంలో గోల్డ్ కొట్టిన డువాల్ హెక్ట్ 1975లో బుక్స్ ఆన్ టేప్ అనే కంపెనీ పెట్టి పోస్టులో కాసెట్లు అద్దెకిచ్చేవాడు. 1987లో క్రెయిగ్ బ్లాక్, మిషెల్ బ్లాక్ అనే భార్యాభర్తలు ఒరెగాన్‌లోని యాష్‌లాండ్‌లో క్లాసిక్స్ ఆన్ టేప్ అని మొదలెట్టారు, అదే ఇప్పటి బ్లాక్‌స్టోన్. చిన్న ఊరే గానీ 1935 నుంచి అక్కడ షేక్స్‌పియర్ నాటకోత్సవం నడుస్తోంది, అంటే నటులకి కొదవలేని ఊరు.

నాకు ఈ కంపెనీ మీద ఇష్టం కలిగింది మాత్రం చదివేవాళ్ల వల్లే. మొదట్లో టామ్ పార్కర్ అనే ఆయన గొంతుకి అలవాటు పడ్డా, హడావిడి లేదు, నటన ఎక్కువ లేదు, పక్క సీట్లో కూర్చుని చెప్తున్నట్టు ఉంటుంది. కొన్నాళ్లకి బుక్స్ ఆన్ టేప్ వాళ్ల కాసెట్ ఒకటి తెచ్చి పెడితే అలెగ్జాండర్ ఆడమ్స్ అని పేరు చెప్పి మొదలెట్టాడు, రెండు నిమిషాలు విన్నానో లేదో ఈ గొంతు నాకు తెలుసే అని కారులో పైకే అనేశా! ఇద్దరూ ఒక్కరే, అసలు పేరు గ్రోవర్ గార్డ్‌నర్. పోటీ కంపెనీలకి చదివేటప్పుడు ఒక్కోచోట ఒక్కో పేరు పెట్టుకునేవాళ్లట. సైమన్ వాన్స్ బ్లాక్‌స్టోన్‌లో రాబర్ట్ విట్‌ఫీల్డ్ అయ్యాడు, వాండా మెకాడన్ బ్లాక్‌స్టోన్‌లో నాడియా మే, బుక్స్ ఆన్ టేప్‌లో డొనాడా పీటర్స్. గార్డ్‌నర్ గారు 2007లో బ్లాక్‌స్టోన్‌కే స్టూడియో డైరెక్టర్‌గా వచ్చారు. చదవడం తెలిసిన మనిషి చేతిలో స్టూడియో పెట్టడం నాకు చాలా నచ్చిన విషయం.

ఇంకొకాయన గురించి చెప్పకుండా ఉండలేను. ఇంగ్లీషు చరిత్రకారుడు గిబ్బన్ రాసిన రోమ్ సామ్రాజ్య పతన చరిత్ర, వంద గంటల పైమాటే, చదివింది బెర్నార్డ్ మేయస్. నెలల తరబడి నా ప్రయాణాలన్నీ ఆ గొంతుతోనే గడిచాయి. తర్వాత ఆయన గురించి చదివితే తెలిసింది, 1960ల మొదట్లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఆత్మహత్య చేసుకోవాలనుకునేవాళ్ల కోసం ఫోన్ లైన్ పెట్టి, బ్రూస్ అనే పేరుతో ఫోన్లు తనే ఎత్తేవాడట, ఎన్‌పీఆర్ అనే అమెరికా పబ్లిక్ రేడియోకి మొదటి చైర్మన్ కూడా ఆయనే. అది తెలిశాక కొన్ని అధ్యాయాలు మళ్లీ విన్నా. రాత్రిపూట ఎవరో తెలియని మనిషితో ఓపిగ్గా మాట్లాడిన గొంతు కదా ఇది అనిపించి, పొడుగాటి వాక్యాలు కూడా బరువనిపించలేదు.

అన్నీ నచ్చాయని చెప్పను. ఒక రీడర్ ముక్కుతో సాగదీసి చదివే పద్ధతి నాకు అస్సలు ఎక్కలేదు, రెండు పుస్తకాలు మధ్యలోనే ఆపేశా. పాత కాసెట్ రికార్డింగుల్లో సన్నగా బుస్సుమనే శబ్దం ఉంటుంది, హెడ్‌ఫోన్‌లో ఇంకా బాగా తెలుస్తుంది, కారులో అయితే పట్టదు.

ఇంకో మాట. వేరే ఒక యాప్‌లో కొనుక్కున్న పుస్తకాలు అకౌంట్ మారేసరికి నాకు దక్కకుండా పోయాయి, ఎంత మొత్తుకున్నా రాలేదు. బ్లాక్‌స్టోన్ వాళ్ల డౌన్‌పోర్ అనే సైట్‌లో కాపీ తాళం లేని, ఎక్కడైనా వినగలిగే ఎంపీ3 ఫైళ్లు దించుకునే వీలుండేది, అప్పుడు దించుకున్నవన్నీ ఇప్పటికీ నా హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి, నిన్న కూడా ఒకటి విన్నా.

కొత్తగా వినేవాళ్లు గార్డ్‌నర్ చదివింది ఏదో ఒకటి తీసుకోండి. స్పీడ్ మాత్రం పెంచకండి, మొదటి అరగంట ఉన్నదున్నట్టు వినండి.