పాత రైలు కట్టా, కాలువ గట్టా?

నంద్యాల నుంచి గిద్దలూరు వైపు రైల్లో పోతుంటే గాజులపల్లె దాటాక నల్లమల మొదలవుతుంది. దొరబావి వంతెన ఉన్నది ఆ అడవిలోనే. 1880లలో మీటర్ గేజ్ కోసం కట్టింది. 1990లలో బ్రాడ్ గేజ్ వేశాక రైళ్లు కొత్త దారి పట్టాయి, పాత కట్ట అడవి పాలైంది. దాన్ని నడకకూ సైకిళ్లకూ బాటగా మారిస్తే ఎంత బాగుంటుందో అని మా కర్నూలు సైకిల్ బ్యాచ్‌లో తరచూ చర్చ. మొదట్లో నేనూ ఆ పక్షమే.

రైలు కట్టలో ఉన్న సుఖం దాని వాలులోనే ఉంది. ఇంజను నిటారుగా ఎక్కలేదు కాబట్టి ఘాట్‌లో కూడా కొండను చుట్టుకుంటూ మెల్లగా ఎక్కిస్తారు. గేర్లు లేని పాత సైకిలైనా ఆయాసం లేకుండా సాగిపోతుంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఎల్‌రాయ్, స్పార్టా ఊళ్ల మధ్య మూతపడిన లైనును 1960లలోనే ఇలా సైకిల్ బాట చేశారు. సుమారు 50 కిలోమీటర్లు, మధ్యలో 3 సొరంగాలు. సొరంగం వస్తే సైకిల్ దిగి, టార్చి వేసుకుని నడవాలి. అది విన్నాక మన నల్లమల గుర్తురాకుండా ఉంటుందా?

కంకర మీద సైకిల్ నడవదు, పైన గరుసు పరిచి రోలర్ తిప్పాలి. కొందరు బేతంచెర్ల బండలు వేద్దామంటారు. వానకు జారి, ఎండకు కాలే ఆ బండలు ఇంట్లోనే బాగుంటాయి.

అసలు చిక్కు వేరే. కర్నూలు నుంచి ఒక్క నంద్యాలకే దాదాపు 70 కిలోమీటర్లు. పైగా పులులున్న అడవి. మనం వాకింగ్‌కు బయల్దేరే తెల్లవారుజామూ, సాయంత్రమూ వాటికీ తిరిగే వేళలే. అటవీ శాఖ అనుమతితో, గైడ్ వెంట ఉండి, నెలకోసారి వెళ్లొచ్చే చోటు అది. షుగర్ ఉన్న మా నాన్నకు రోజూ అరగంట నడక కావాలి, ఆ కట్ట ఆయనకేం పనికొస్తుంది?

అందుకే నా ఓటు ఇప్పుడు ఊళ్లోంచి పోయే కె.సి. కెనాల్ (కర్నూలు-కడప కాలువ) గట్టుకు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయల్దేరే ఈ కాలువను 1860లలో ఒక ఇంగ్లిష్ కంపెనీ తవ్వించింది, 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. సాగుకే కాదు, పడవలకు కూడా ఉద్దేశించినది. అంటే ఇదీ మూలబడిన రవాణా మార్గమే, కాకపోతే మన వీధి చివరే ఉంది.

లోపాలు లేవని కాదు. మురుగు కలిసే చోట ముక్కు మూసుకోవాలి, దోమలు సరేసరి. నీళ్లు వదిలినప్పుడు పిల్లలు జారితే ప్రమాదం, కాబట్టి కాలువ వైపు రెయిలింగ్ తప్పనిసరి. ఎండాకాలం 8 దాటితే నిలబడలేం, వేప, కానుగ మొక్కలు ముందే నాటాలి. మురుగు ఆపకుండా బెంచీలు వేస్తే మాత్రం ఒక్కరూ కూర్చోరు.

ముందు రెండు వంతెనల మధ్య ముక్క బాగుచేసి, నాలుగు లైట్లు వేస్తే చాలు. నడక అయ్యాక ఉగ్గాని, బజ్జీ బండి ఎలాగూ దానంతటదే వచ్చి నిలబడుతుంది. షుగర్ సంగతి నాన్న చూసుకుంటారు.