వైడ్‌బ్యాండ్ సెన్సార్ పోయిందా? గాలిలో పెట్టి చూడాలా, కొత్తది వేసి చూడాలా?

వైడ్‌బ్యాండ్ అంటే ఇంజను పొగలో ఆక్సిజన్ చూసి గాలి, పెట్రోలు పాళ్లు చెప్పే సెన్సార్. టర్బో కారులో దాని మీటరు ఎప్పుడూ లీన్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) చూపిస్తుంటే భీమవరంలో అయినా అమలాపురంలో అయినా ముందు వినపడే మాట "కొత్త సెన్సార్ వేసేద్దామండీ" అనే. నా ఓటు మాత్రం గాలి పరీక్షకే.

ఇంజను చల్లారాక సెన్సార్ విప్పండి. కనెక్టర్ అలాగే ఉంచి, ఇంజను స్టార్ట్ చెయ్యకుండా ఇగ్నిషన్ ఆన్ చెయ్యండి. మొన ముట్టుకోకండి, బాష్ కంపెనీ ఎల్‌ఎస్‌యూ 4.9 రకం సెన్సార్ లోపల దాదాపు 780 డిగ్రీలకు కాగుతుంది. వేడెక్కాక మీటరు లీన్ చివరికి పోవాలి, ఆక్సిజన్ చూపించేదైతే 20.9 శాతం దగ్గర నిలవాలి. పోలేదంటే సెన్సారో, వైరింగో, కంట్రోలరో, తేడా అక్కడే.

ఖర్చు లేదు గానీ, మందగించిన సెన్సార్ కూడా ఇందులో పాసైపోతుంది. దాన్ని పట్టేది కొత్తదే: స్పీడులో యాక్సిలరేటర్ వదలగానే పెట్రోలు ఆగి ముల్లు చటుక్కున లీన్‌కి దూకాలి, పాతది ఈడ్చుకుంటూ పోతుంది. అయితే సెన్సార్‌కి ముందు పొగ గొట్టం గాస్కెట్ లీకై బయటి గాలి పీలుస్తుంటే కొత్తదీ అదే అబద్ధం చెబుతుంది. డబ్బూ పోయె, జబ్బూ పోలేదు.

మన వైపు వానాకాలం కాలవ నీళ్లు రోడ్డెక్కితే కనెక్టర్ పిన్నులకు పచ్చగా చిలుం పడుతుంది. రెండింటికన్నా ముందు అది విప్పి చూడండి.