కొన్నేళ్లుగా ఆభా వాడుతున్నాం: దవాఖానలో ఎంత పనికొచ్చింది, ఇంట్లో ఎంత పనికొచ్చింది

ఆభా హెల్త్ నంబరు తీసుకోవాలా వద్దా అని హైదరాబాద్ వారాసిగూడలో మా వాడకట్టు ఆడవాళ్లు నన్ను అడుగుతూనే ఉంటారు. తీసుకోండనే చెబుతాను. మా అత్తమ్మకు షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. ఆమె దవాఖాన కాగితాలన్నీ చూసుకునేది నేనే. ఇన్నేళ్లు వాడాక నా అభిప్రాయం ఇది: పాత రిపోర్టు చేజారిపోకుండా ఉండటానికి ఇది నిజంగా పనికొస్తుంది. ఆ రిపోర్టులో ఏముందో పేషెంటుకు తెలియాలంటే మాత్రం ఇప్పటికీ పక్కన ఒక మనిషి ఉండాల్సిందే.

ముందు ఒక అయోమయం తీరాలి. ఆభా అంటే 14 అంకెల హెల్త్ నంబరు. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇస్తారు. ఆ మిషన్ దేశమంతటా మొదలైంది 2021 సెప్టెంబరు 27న. వైద్యం ఖర్చు భరించే కార్డు మాత్రం ఇది కాదు. పేరులో ఆయుష్మాన్ ఉండేసరికి "ఇది చూపిస్తే ఆపరేషన్ ఫ్రీనా అక్కా?" అని అడగని వాళ్లు లేరు. ఖర్చుకు ఆరోగ్యశ్రీ వేరే ఉంది, మన రాష్ట్రంలో దాని పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఆభా చేసే పని మీ రిపోర్టులు, మందుల చీటీలు మీ ఫోన్లో ఒకచోట కనిపించేలా చేయడం, అంతవరకే. ఈ తేడా తెలియక ఆపదలో ఉన్న మనిషిని పట్టుకుని ఆస్పత్రి కౌంటర్ దగ్గర ఈ కార్డు చూపిస్తే ఎంత కష్టం! అందుకే ఎవరికి నంబరు తీసిపెట్టినా మొదట ఈ మాటే చెబుతాను.

ఇక మాకు దొరికిన మేలు చెబుతాను. అత్తమ్మకు నెలవారీ గోలీలు బస్తీ దవాఖానలో తీసుకుంటాం. రక్తపరీక్షలు కూడా అక్కడే. శాంపిల్ తీసి తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబ్‌కు పంపిస్తారు, పైసా తీసుకోరు, రిపోర్టు ఫోన్‌కు వస్తుంది. నేను ఆ పీడీఎఫ్‌లను వెంటనే ఆభా నంబరుతో పనిచేసే రికార్డుల యాప్‌లో తేదీ వేసి దాచిపెడతాను. ఈ పని ఎంత విలువైనదో ఒక రోజు బాగా తెలిసొచ్చింది. ఆ రోజు రోజూ ఉండే డాక్టరమ్మ లేరు, కొత్తగా వచ్చిన ఇంకో డాక్టరమ్మ చూశారు. ఫోన్ చేతికిస్తే పాత రిపోర్టులు ఒక్కొక్కటే వెనక్కి జరుపుతూ వెళ్లి, క్రియాటినిన్ దగ్గర ఆగారు. కిడ్నీల పనితీరు చెప్పే అంకె అది. ఏ రిపోర్టుకు ఆ రిపోర్టు చూస్తే పెద్దగా కంగారు పడేంత లేదు. వరసగా చూస్తే మాత్రం ప్రతిసారీ కాస్త కాస్త పెరుగుతూ వచ్చింది. "నొప్పుల గోలీలు ఏమైనా వాడుతున్నావా అమ్మా?" అని అడిగారు. మోకాళ్ల నొప్పికని అత్తమ్మ మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని రోజూ వేసుకుంటోంది. షుగర్, బీపీ ఉన్నవాళ్ల కిడ్నీల మీద ఆ గోలీల భారం ఎక్కువ పడుతుందని వివరంగా చెప్పి, అక్కడికక్కడే మాన్పించారు. ఒక్క కాగితం చూస్తే ఎవరికీ తట్టని సంగతి అది. హెచ్‌బీఏ1సీ కూడా అంతే. రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష కాబట్టి, పోయినసారి ఎంత ఉందో తెలిస్తేనే ఈసారి అంకెకు అర్థం. వేడికి రంగు మారే కాగితం మీద వచ్చే ఈసీజీలైతే కొన్నాళ్లకు వెలిసి తెల్లకాగితం అయిపోతాయి. వాటిని వచ్చిన రోజే ఫొటో తీసి ఎక్కించండి.

పెద్దాస్పత్రి ఓపీలో క్యూఆర్ స్కాన్ చేసి టోకెన్ తీసుకోవడం కూడా బాగుంది. పేరు, వయసు, అడ్రసు మళ్లీ చెప్పే పని లేదు. ఆ స్కాన్‌తో మన రిపోర్టులు వెళ్లిపోతాయేమోనని కొందరికి భయం. వెళ్లవు. రిపోర్టులు చూడాలంటే ఆస్పత్రి వేరేగా అనుమతి అడగాలి. ఏ తేదీల మధ్యవి, ఎన్నాళ్ల వరకు చూడొచ్చు అనేది మనమే ఖరారు చేస్తాం, ఇచ్చిన అనుమతిని వెనక్కి కూడా తీసుకోవచ్చు.

చికాకు పెట్టింది రిపోర్టులను ఆభా నంబరుకు జోడించడం. నేను వాడిన ఒక రికార్డుల యాప్ పేరు ఇక్కడ రాయను. ఆధార్‌లో అత్తమ్మ ఇంటిపేరు ముందుంది, ఒక ప్రైవేటు ల్యాబ్‌లో చివర రాశారు, పుట్టిన సంవత్సరం కూడా తేడా. దాంతో ఆ రిపోర్టులు ఆమెవి కావన్నట్టే యాప్ చూపించలేదు. ల్యాబ్‌కు వెళ్లి పేరు సరిచేయించి, చివరికి పాతవన్నీ ఫొటోలు తీసి ఎక్కించాను. చదువు రాని పెద్దావిడ ఒక్కతే ఉంటే ఈ పని ఎవరు చేసిపెడతారు?

భాష ఇంకా పెద్ద సమస్య. రిపోర్టు మొత్తం ఇంగ్లిష్‌లోనే. నార్మల్ కంటే పైన ఉన్న అంకె ముదురు నలుపులో ఉంటుంది, పక్కన 'హెచ్' అని. అత్తమ్మకు అక్షరాలు రావు కానీ ఆ నలుపు గుర్తుపడుతుంది. ఏదో అయిపోయిందని రాత్రంతా నిద్రపోదు, టెన్షన్‌తో బీపీ ఇంకా పెరుగుతుంది. అందులో చాలావరకు ఒకటి రెండు పాయింట్ల తేడాలే. "ఇది కొంచెం ఎక్కువుంది, భయం లేదు, వచ్చే నెల మళ్లీ చూపించుకో" అని ఫోన్ తెలుగులో పైకి చదివి చెబితే ఎంత ధైర్యంగా ఉంటుంది! ఇది నా గట్టి కోరిక.

ఇది గొంతెమ్మ కోరికేం కాదు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ గస్టాఫ్సన్ బృందం 1980ల చివర్లోనే చెస్ అనే కంప్యూటర్ వ్యవస్థ మీద పని మొదలుపెట్టింది. అందులో జబ్బు గురించి సమాచారం ఉంటుంది, నిపుణులను ప్రశ్న అడగొచ్చు, అదే జబ్బున్న వాళ్లతో మాట్లాడుకోవచ్చు. తర్వాత రొమ్ము క్యాన్సర్ వచ్చిన పేద మహిళలకు ఇళ్లలో కంప్యూటర్లు పెట్టి, ఇంటర్నెట్ ఇచ్చి, వాడటం నేర్పారు. డెట్రాయిట్‌లోని నల్లజాతి మహిళలు, విస్కాన్సిన్ పల్లెల్లోని వాళ్లు అందులో ఉన్నారు. పేదవాళ్లు వాడరనే మాట నిలబడలేదు, వాళ్లు బాగానే వాడారు. యంత్రం ఇచ్చి వదిలేయకుండా నేర్పడం, తోటి పేషెంట్లతో కలపడం నాకు చాలా నచ్చిన విషయం. మా దగ్గర రికార్డు ఉంది, డాక్టర్ ఉన్నారు. సాయంత్రం మెట్ల మీద కూర్చుని "నీకు కాళ్ల మంటలు ఎట్ల తగ్గినయి వదినా?" అని అడిగే మాటలకు మాత్రం ఫోన్లో ఇంకా చోటు లేదు.

ఈ-సంజీవని గురించి కూడా అడుగుతారు. ప్రభుత్వ సేవ, ఇంటి నుంచే వీడియోలో డాక్టర్‌తో మాట్లాడొచ్చు, చీటీ ఫోన్‌కే వస్తుంది, ఫీజు లేదు. దగ్గు, జలుబు, పాత మందుల గురించి సందేహాలకు మాకు హాయిగా సరిపోయింది. షుగర్ ఉన్నవాళ్ల కాలికి పుండు పడితే మాత్రం వీడియో మీద ఆధారపడకండి, స్పర్శ ఉందో లేదో డాక్టర్ చేత్తో ముట్టుకుని చూడాలి. మత్తుమందుల చట్టం కింద వచ్చే మందులు ఫోన్లో రాయకూడదని ఫోన్ వైద్యం గురించిన 2020 మార్చి నిబంధనల్లోనే ఉంది కాబట్టి వాటికోసం అడిగినా లాభం లేదు.

ఒక విషయం మాత్రం మనసులో మెదులుతూనే ఉంటుంది. మా వాడలో చాలా ఇళ్లలో ఆడవాళ్లకు సొంత ఫోన్ లేదు. మెసేజీ భర్తకో కొడుక్కో వెళ్తుంది. పక్కింటి ఒకామెకు నిద్ర పట్టక, ఊరికే ఏడుపు వస్తుండేది. ఇంట్లో ఫోన్లో మాట్లాడితే అందరూ వింటారని మా ఇంటికొచ్చి, నా ఫోన్ నుంచి టెలీ మానస్‌కు చేసింది. మనసు బాగోలేనివాళ్లకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం అది. నంబరు 14416. 2022 అక్టోబరులో మొదలైంది, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. నేను తలుపు దగ్గరికి వేసి బయట కూర్చున్నాను. చాలాసేపు మాట్లాడింది. బయటికొచ్చాక "నన్ను పూర్తిగా చెప్పనిచ్చారు" అంది. ఇలాంటి సాయం సొంత ఫోన్ ఉన్నవాళ్లకే అందితే ఎట్లా? ప్రతి బస్తీ దవాఖానలో ఒక గది, ఒక ఫోన్, తలుపు వేసుకునే వీలు ఉండాలని నేను కోరుకుంటాను.

కొత్తగా ఆభా తీసుకునేవాళ్లు ముందు మీసేవలో గానీ ఆధార్ కేంద్రంలో గానీ ఆధార్‌కు ఏ నంబరు లింకై ఉందో చూసుకోండి. ఎప్పుడో పోయిన సిమ్ నంబరుంటే ఓటీపీ రాదు, పని అక్కడే ఆగిపోతుంది. అది మార్పించాకే నంబరు తీసుకోండి, పేరు ఆధార్‌లో ఎలా ఉందో ల్యాబ్‌లోనూ అలాగే రాయించండి. మొదట ఎక్కించాల్సింది కిందటి ఏడాది షుగర్, కిడ్నీ రిపోర్టులు.