ఓపెన్ రైల్స్‌లో బిగ్ బాయ్: చాలాకాలం నడిపాక

అమెరికాలోని యూనియన్ పసిఫిక్ రైల్వే వాళ్ల భారీ ఆవిరి ఇంజిన్ బిగ్ బాయ్‌ను (చక్రాల అమరిక 4-8-8-4) 3డీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో మోడల్ చేసి, రైలు సిమ్యులేటర్ ఓపెన్ రైల్స్‌లో నడపాలనుకునేవారికి ఈ సమీక్ష. ఆవిరి లెక్కల విషయంలో ఈ ఉచిత సిమ్యులేటర్ అంటే నాకు గొప్ప గౌరవం. అసలు ఇంజిన్ కొలతలు ఇస్తే అసలు ఇంజిన్‌లాగే లాగుతుంది. ఇబ్బందంతా ముందు చక్రాల గుంపున్న ఫ్రేమ్ తిరిగే కీలు (మడత) దగ్గరే.

ముందు ఏ విడత ఇంజిన్ కడుతున్నారో తేల్చుకోండి. ఇంజిన్ల తయారీ సంస్థ ఆల్కో వాళ్ల షెనెక్టడీ కర్మాగారంలో 1941లో 20 (4000–4019), 1944లో 5 (4020–4024) తయారయ్యాయి. మొదటి విడత ఇంజిన్ బరువు 7,62,000 పౌండ్లు, టెండర్‌లో (ఇంజిన్ వెనుక నీళ్లు, బొగ్గు మోసే బండి) నీళ్లు 24,000 అమెరికన్ గ్యాలన్లు. రెండో విడతలో అవి 7,72,250 పౌండ్లు, 25,000 గ్యాలన్లు. ఒకదాని బరువు, ఇంకోదాని టెండర్ కలిపేసిన మోడళ్లు చాలానే కనిపిస్తాయి. ఇప్పుడు తిరుగుతున్న 4014 ఫొటోలు చూసి టెండర్ పైభాగం గీయకండి. 2019లో మళ్లీ పట్టాలెక్కించినప్పుడు దాన్ని బొగ్గు నుంచి ఆయిల్‌కి మార్చారు.

ఈఎన్‌జీ ఫైలులో (సిమ్యులేటర్‌కి ఇంజిన్ వివరాలు చెప్పే ఫైలు) కొలతల్ని అంగుళాలు, పౌండ్లలోనే రాయొచ్చు, మెట్రిక్‌లోకి మార్చే పని లేదు. సిలిండర్లు 4, వ్యాసం 23.75 అంగుళాలు, స్ట్రోక్ 32, బాయిలర్ పీడనం 300 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), పెద్ద చక్రం (ఇంజిన్‌ను నడిపే చక్రం) వ్యాసం 68. రెండు సిలిండర్ల లాగుడు బలం 0.85 × 300 × 23.75 × 23.75 × 32 ÷ 68, అంటే సుమారు 67,687 పౌండ్లు. నాలుగింటికీ కలిపి 1,35,375. ఎఫ్5 నొక్కి, షిఫ్ట్-ఎఫ్5తో ఆవిరి వివరాల పేజీకి వెళ్లి సరిచూసుకోండి. సగమే కనిపిస్తే సిలిండర్ల సంఖ్య 2గా ఉండిపోయినట్టే.

చక్రం వ్యాసార్థం ఫైలులో రెండుచోట్ల వస్తుంది. వ్యాగన్ భాగంలోది చిన్న చక్రాలకి, ఇంజిన్ భాగంలోది పెద్ద చక్రాలకి. రెండుచోట్లా 34 అంగుళాలు పెడితే ముందు చిన్న చక్రాలు పట్టాల మీద ఈడ్చుకుపోతున్నట్టు నెమ్మదిగా తిరుగుతాయి. వాటి వ్యాసం 36 కాబట్టి అక్కడ 18 ఇవ్వాలి. మొదటి విడతలో పెద్ద చక్రాల మీద పడే బరువు 5,40,000 పౌండ్లు మాత్రమే. ఆ చోట మొత్తం ఇంజిన్ బరువు ఇస్తే వానలో కూడా జారని ఇంజిన్ తయారవుతుంది, అది బిగ్ బాయ్ కాదు.

గ్రేట్ (బొగ్గు మండే జాలీ) 150 చదరపు అడుగులు. ఇంత మంటకి మనిషి పారతో బొగ్గు వేయలేడు కాబట్టి అసలు ఇంజిన్‌లో మెకానికల్ స్టోకర్ (బొగ్గు వేసే యంత్రం) ఉండేది. ఫైలులో స్టోకర్ సంగతి చెప్పకపోతే చదునులో అంతా బాగానే ఉంటుంది, ఎత్తు ఎక్కేటప్పుడు పీడనం పడిపోతూ పోతుంది. చాలామంది అప్పుడు బాయిలర్ అంకెలు పెంచేస్తారు. జబ్బు ఒకటి, మందు ఇంకోటి.

రాడ్‌ల యానిమేషన్ మీద తీరిగ్గా కూర్చోవాలి. స్ట్రోక్ 32 కాబట్టి క్రాంక్ పిన్ (చక్రానికి రాడ్ తగిలించే పిన్) 16 అంగుళాల వ్యాసార్థంతో తిరుగుతుంది. కీఫ్రేమ్‌ల (రాడ్ స్థానాన్ని మనం గుర్తించి పెట్టే ఫ్రేమ్‌ల) మధ్య సిమ్యులేటర్ రాడ్‌ను సరళరేఖలో జరుపుతుంది. ఒక చుట్టుకి 8 కీఫ్రేమ్‌లే పెడితే రెండు ఫ్రేమ్‌ల మధ్యలో రాడ్ పిన్ నుంచి 1.2 అంగుళాలు లోపలికి జారుతుంది, నెమ్మదిగా కదిలేటప్పుడు ఆ ఊగిసలాట కంటికి తెలిసిపోతుంది. 16 పెడితే 0.3 అంగుళం. 32 పెడితే అంగుళంలో పదోవంతు కూడా ఉండదు, నా ఓటు దానికే. కుడి, ఎడమ క్రాంకుల మధ్య 90 డిగ్రీలు తప్పనిసరి. అసలు ఇంజిన్‌లో ముందు, వెనుక చక్రాల గుంపుల్ని కలిపే రాడ్ ఏదీ లేదు, అందుకే వాటి లయ కలుస్తూ విడిపోతూ ఉంటుంది. ఒకే యానిమేషన్‌లో అది రాదు. రెండు గుంపుల మధ్య 45 డిగ్రీల తేడా పెడితే కవాతులా ఒకేసారి కదలడమైనా తప్పుతుంది.

ఇక కీలు. అసలు ఇంజిన్‌లో వెనుక ఫ్రేమ్ బాయిలర్‌కి బిగించి ఉంటుంది, ముందు ఫ్రేమ్ తన వెనుక కొసన ఉన్న కీలు మీద తిరుగుతుంది. మోడల్‌లో ముందు ఫ్రేమ్‌ను బోగీగా (విడిగా తిరిగే చక్రాల చట్రంగా) పెడితే అది తన మధ్య నుంచి తిరుగుతుంది. మెయిన్ లైన్ వంపుల్లో తేడా కనపడదు, యార్డ్‌లో మాత్రం రెండు ఫ్రేమ్‌ల మధ్య సందు పక్కకి జరుగుతుంది. ఆవిరి గొట్టాల్ని ఫ్రేమ్ వైపు ఒక ముక్క, బాయిలర్ వైపు ఒక ముక్కగా కోసి, కీలు దగ్గర ఒకదానిలోకి ఒకటి చొచ్చుకునేలా ఉంచితే చీలిక బయటపడదు. సందుని పూర్తిగా పోగొట్టే దారి నాకు దొరకలేదు.

చివరి పరీక్ష యూటాలో ఆగ్డెన్ నుంచి వాసాచ్ ఎక్కుడు, 1.14 శాతం. 3,600 అమెరికన్ టన్నుల (ఒక్కోటి 2,000 పౌండ్లు) రైలును అక్కడ తోడు ఇంజిన్ లేకుండా ఎక్కించడానికే దీన్ని రూపొందించారు. రైలు, ఇంజిన్, టెండర్ బరువుల్ని వాలుకి లాగడానికే సుమారు 95,600 పౌండ్లు కావాలి, పట్టాల ఒరిపిడి దానికి అదనం. టెస్ట్‌లో నమోదైన 6,290 డ్రాబార్ హార్స్‌పవర్ (వెనుక రైలును లాగే చోట అందే శక్తి) లెక్కన గంటకి 20 మైళ్ల చుట్టూ ఎక్కాలి. 35 దాటుతోందంటే బాయిలర్ ఉత్పత్తి అంకె ఎక్కువైనట్టు. 10 దగ్గరే ఆగిపోతే ముందు స్టోకర్, తర్వాత వేడెక్కే ఉపరితలం కొలతలు చూడండి. చక్రాలు ఊరికే జారుతుంటే సమస్య ఆవిరిది కాదు, చక్రాల మీద బరువు అంకెది.